కొండ తాగే నీళ్ళు

మాకు పది రోజులు గడువిచ్చారు.

మార్చి మొదటి ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, నీటి సంఘం పాత బడి గదిలో కూర్చుంది. అమ్మ సముద్రతీరాన టమాటా షెడ్లలో పని చేస్తుంది, వారానికోసారి ఇంటికొస్తుంది. అందుకని మా ఇంటి తరఫున తాత వెళ్ళాడు, ఆసరాగా తాత చెయ్యి పట్టుకుని నేను వెళ్ళాను.

సంఘం పెద్ద బాల్దొమేరో మామ ఏ మాటైనా సూటిగా చెబుతాడు. వరసగా మూడేళ్ళు మంచు తక్కువ పడింది. కింది వాడ ఊట నిరుడు జూలైలోనే ఎండిపోయింది. దాని కింద ఉన్న మడుల్లో చిక్కుడు, బంగాళాదుంప మాడిపోయాయి. వాటిలో మావీ ఉన్నాయి. కరిగిన మంచునీళ్ళు పై కాలువలో పడి కొండలో ఇంకిపోతుంటే చూస్తూ కూర్చోవడం తెలివి కాదని, ప్లాస్టిక్ గొట్టం వేసి తిన్నగా ఊరి తొట్టిలోకి దించుదామని ఆయన అన్నాడు. గొట్టానికి ప్రభుత్వం సాయం చేస్తుందట.

మా తాత ఫ్రాస్కీతో నలభై ఏళ్ళు ఈ ఊరి నీరుగంటి, కాలువ నీళ్ళు చూసి పంచినవాడు. ఆయన కూర్చునే మాట్లాడాడు.

"ఆ కాలువ పారడానికి తవ్వింది కాదు, బాల్దొమేరో. ఇంకడానికే తవ్వారు. మంచు కరిగేటప్పుడు కొండకు తాగిస్తే, ఎండాకాలం కొండ మనకు పోస్తుంది. మూడేళ్ళ నుంచి ఎవడైనా పార పట్టుకుని పైకెళ్ళాడా? పాలివ్వట్లేదని ఆవును తిట్టే ముందు మేత వేశామా లేదా చూసుకోవాలి."

"నీ కాలం వేరు బాబాయ్. అప్పుడు నడుం లోతు మంచు పడేది."

"అప్పుడు నీకు నడుం ఎక్కడిదిరా? నా మోకాలంత ఉండేవాడివి."

గది గదంతా నవ్వింది. చేతులెత్తమంటే మాత్రం సగం అటు, సగం ఇటు. చివరికి ఒక మాట అనుకున్నారు. ఈ ఒక్క ఏడాదీ కాలువను చూద్దాం. మంచు కరగడం మొదలయ్యేలోగా, అంటే పది రోజుల్లో, కావాలన్న వాళ్ళే దాన్ని బాగుచేసుకోవాలి. ఆగస్టులో మరియ మాత పండుగ నాటికి కింది వాడ ఊట పారుతుంటే సరే. ఎండితే గొట్టం వేసేస్తారు.

మర్నాడు పొద్దున కంచరగాడిద మీద తాత, దాని పగ్గం పట్టుకుని నేను ఊరి చివర నిలబడ్డాం. కొడవలి చంకన పెట్టుకుని వచ్చింది పూరా అవ్వ ఒక్కతే. ఆవిడకు డెబ్భై నాలుగేళ్ళు. బాల్దొమేరో మామకు కన్నతల్లి.

"నీ కొడుక్కి చెప్పే వచ్చావా?" అన్నాడు తాత.

"ఎందుకూ చెప్పడం? ఇంట్లో రొట్టె ఉంది, వాడి నోట్లో పళ్ళున్నాయి. ఆకలేస్తే కొరుక్కుంటాడు. పద పద, ఎండెక్కుతోంది."

కాలువ మంచువాగు దగ్గర మొదలై కొండ నడుం చుట్టూ రెండు వేల అడుగులు పోతుంది. పై వైపు కొండ, కింది వైపు రాళ్ళూ గడ్డిపెళ్ళలూ పేర్చిన గట్టు. మూడేళ్ళలో ముళ్ళపొదలు, జారిపడ్డ రాళ్ళు, ఒండ్రు కలిసి దాన్ని సగం పూడ్చేశాయి. తాత మోకాలు నడవనివ్వదు కాబట్టి కాలువ మొదట్లోనే కూర్చుని పలకరాళ్ళతో తూము సరిచేశాడు. పూరా అవ్వ పొదలు నరికింది. నేను ఒండ్రు తోడాను. మూడో రోజుకి నా చేతులు బొబ్బలెక్కాయి. నాలుగో రోజు నుంచి వాళ్ళను దాటి ముందుకెళ్ళి ఒక్కదాన్నే పని చేశాను. మాట్లాడాల్సిన అవసరం లేని పని నాకు ఇష్టం.

పైనున్న మంచుచారల నుంచి సన్నటి ధార అప్పటికే కాలువలోకి దిగుతోంది. గట్టుకు అక్కడక్కడా కన్నాలున్నాయని దానివల్లే నాకు తెలిసింది. ఒకచోట వేలు దూరేంత, ఒకచోట పిడికిలి పట్టేంత. నీళ్ళు వాటిలోంచి కారిపోయి వాలు మీద గడ్డిలో కలిసిపోతున్నాయి. ఎర్రమన్ను తెచ్చి, గడ్డివేళ్ళు కలిపి తొక్కి, పలకరాళ్ళు అడ్డుపెట్టి ఒక్కొక్కటే మూశాను. మొత్తం పన్నెండు. చివరిది అన్నిటికన్నా పెద్దది. దానికి రెండు పూటలు పట్టింది. ఇంటి గోడకు పూత పూసినట్టు నున్నగా వచ్చింది. ఎవరైనా చూస్తే బాగుండుననిపించింది.

ఎనిమిదో రోజు తాత కంచరగాడిద మీద అంతదూరం వచ్చి చూశాడు. కిందికి దిగి, ఆ పూతను అరచేత్తో నిమిరాడు.

"ఎవరు నేర్పారే నీకిది?"

"ఎవరూ లేదు తాతా. నేనే."

"చాలా బాగా చేశావు. వచ్చిన చిక్కల్లా అదే." గట్టు మీద చతికిలబడ్డాడు. "ఇవి కన్నాలు కావే అమ్మడూ, నోళ్ళు. కొండ వీటితోనే తాగుతుంది. మా తాత కంటే ముందు నుంచీ వీటినెవరూ మూయలేదు. ఎన్ని మూశావు?"

"పన్నెండు."

"తప్పు నాదే, చెప్పలేదు. నీరుగంటి ఇంట పుట్టినదానివి, తెలిసే ఉంటుందనుకున్నా. అన్నీ తెరువు."

రెండు రోజులే మిగిలాయి. ఎండకు మన్ను రాయైపోయింది. గడ్డపారతో పొడిచీ పొడిచీ పదకొండు తెరిచాను. పన్నెండో దాని దగ్గరికి వచ్చేసరికి పదో రోజు సాయంత్రమైంది. మంచుగాలి మొదలైంది. నా బొబ్బలు చితికి గడ్డపారకు అంటుకుంటున్నాయి. ఆ నున్నటి పూత వైపు చూశాను. పన్నెండింటిలో ఒక్కటేగా అనుకున్నాను.

"అన్నీ తెరిచావా?" అని తాత అడిగాడు.

తల ఊపాను. మాట్లాడటం కంటే తల ఊపడం సులువు.

మర్నాడు నీళ్ళు వదలడం చూడటానికి బాల్దొమేరో మామ కూడా వచ్చాడు. తాత తూముకు అడ్డున్న పలక ఎత్తాడు. మంచునీళ్ళు చెత్తను ముందుకు నెట్టుకుంటూ పారాయి. ప్రతి నోటి దగ్గరా ఒక పాయ విడిపోయి, వాలు మీద పరుచుకుని, గడ్డిలోకి దిగి మాయమైపోయింది.

"బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే," అన్నాడు మామ.

"నేను నీకు పాలు పట్టేటప్పుడు మా అత్త కూడా ఇదే మాట అనేదిరా," అంది పూరా అవ్వ.

మే నెల దాకా తాత, నేను వారానికి రెండుసార్లు వెళ్ళి తూము చూసుకొచ్చాం. మంచు అయిపోయాక పలక దించేశాం. ఇక ఎదురుచూడటమే.

జూన్ చివర్లో బడి వెనక చెలమలో నీళ్ళు పడ్డాయి. అది ఎండి చాలా కాలమైంది. జూలైలో బాల్దొమేరో మామ చెస్ట్‌నట్ తోటలో పై వరస చెట్ల మొదళ్ళు బురదయ్యాయి. ఆ సంగతి మామ ఎవరికీ చెప్పలేదు. పూరా అవ్వ అందరికీ చెప్పింది. కింది వాడ ఊట మాత్రం రోజురోజుకీ సన్నబడింది. కుండ నిండేలోపు పూరా అవ్వ మూడు మరియమ్మ జపాలు చెప్పుకునేది. అవి ఆరయ్యాయి, పదయ్యాయి. ఆగస్టు ఐదున ధార ఆగిపోయింది.

తాత ఆ ఎండిన రాతితొట్టి పక్కనే పొద్దుటి నుంచీ కూర్చున్నాడు. నేను రొట్టె, ఎండు అంజూరపళ్ళు తీసుకెళ్తే ముట్టలేదు.

"నాకర్థం కావట్లేదే," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. "కొండ మారిందేమో. బాల్దొమేరో చెప్పిందే నిజమేమో. నలభై ఏళ్ళు నాకు తెలుసనుకుని తిరిగాను."

నేను తొట్టి దగ్గర నిలబడి తల పైకెత్తాను. అక్కడి నుంచి నిట్టనిలువుగా చూస్తే కాలువ మలుపు, ఆ మలుపులో నేను మూసిన పన్నెండో నోరు. ఆ సంగతి జూలై మొదట్లోనే నాకు తట్టింది. ఎక్కడెక్కడ నీళ్ళొచ్చాయో నెల రోజులుగా నా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను తప్ప ఎవరితోనూ చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పలేదు.

పండుగ నాడు సంఘం మళ్ళీ బడి గదిలో కూర్చుంది. మార్చిలో అనుకున్న మాటను బాల్దొమేరో మామ చదివాడు. "ఊట ఎండింది. ఇందులో ఇక వాదనేమీ లేదు కదా, ఫ్రాస్కీతో బాబాయ్?"

"లేదు," అన్నాడు తాత.

నేను లేచి నిలబడ్డాను. బెంచీ కిర్రుమంది. అందరూ తిరిగి చూశారు.

"పన్నెండో నోరు నేను తెరవలేదు."

"ఏ పన్నెండు? గట్టిగా చెప్పు పిల్లా," అన్నారు వెనక నుంచి.

గట్టిగా చెప్పాను. మూసింది చెప్పాను, తెరిచినవి చెప్పాను, తాతకు అబద్ధంగా తల ఊపింది చెప్పాను. "తెరిచిన చోట్ల కింద నీళ్ళొచ్చాయి. బడి వెనక వచ్చాయి. మీ తోటలో వచ్చాయి మామా. మూసిన చోటు కింద రాలేదు. దాని కింద ఉన్నది మన ఊట."

తాత నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న టోపీ అంచునే తిప్పుతూ కూర్చున్నాడు.

"మేమడిగింది నీళ్ళు, కథలు కాదు," అన్నాడొకాయన.

"నా తోటలోది వాన నీరనుకున్నా," అన్నాడు బాల్దొమేరో మామ నెమ్మదిగా.

"జూలైలో నీ ఒక్కడి నెత్తినే పడిందా ఆ వాన?" అంటూ పూరా అవ్వ లేచింది. "గొట్టం మాట తర్వాత. ముందు ఈ పిల్ల సంగతి తేల్చండి. కాలువ నోరు మూసి చెప్పకుండా దాచింది. దీనికి నిబంధన ఉందా లేదా?"

మామకు నిబంధనలంటే ప్రాణం. పాత పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివాడు. కాలువకు అడ్డు వేసి దాచినవారి ఇంటివాళ్ళే ఆ భాగాన్ని మూడేళ్ళు బాగుచేయాలి, నీళ్ళు పారినన్నాళ్ళూ కాపలా కాయాలి.

"శిక్ష పడాలా వద్దా?" అంది పూరా అవ్వ.

"పడాలి. ఎవరైనా ఒకటే."

"అయితే రాయి."

మామ తీర్మానాల పుస్తకంలో మా ఇంటి పేరు రాశాడు. 'మూడేళ్ళు' అని రాశాక కలం ఆగింది. కాలువలో నీళ్ళు పారకపోతే ఆ శిక్షకు అర్థం లేదు. తలెత్తి తల్లి వైపు చూశాడు. ఆవిడ శాలువా సర్దుకుంటోంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మామ నవ్వలేదు. కలం పుట మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"మూడేళ్ళూ వస్తావా?" అని నన్నడిగాడు. "పై చదువులనీ అదనీ ఇదనీ వంక పెట్టవుగా?"

"వస్తాను."

"సరే. గొట్టం మాట మూడేళ్ళు పక్కన పెడదామంటున్నాను. వద్దనేవాళ్ళు చెయ్యెత్తండి."

కొన్ని చేతులు లేచాయి. మార్చిలో కన్నా తక్కువ. ఆయన లెక్కపెట్టి వాక్యం పూర్తిచేసి సంతకం పెట్టాడు.

ఇంటిదారి మలుపు దగ్గర తాత అడిగాడు.

"ఎందుకే దాచావు?"

"నువ్వు బాగా చేశానన్నావు తాతా. అంతకుముందు నేను చేసిన పనిని ఎవరూ అలా అనలేదు. పగలగొట్టబుద్ధి కాలేదు."

ఆయన నా భుజం పట్టుకుని రెండడుగులు నడిచాడు. "రేపు పెద్ద గడ్డపార తీసుకో," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే ఎక్కాను. మధ్యాహ్నం దాకా పొడిస్తే గాని ఆ పూత వదల్లేదు. పలకలు ముక్కలుగా ఊడొచ్చాయి. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి చూశాను. మట్టి పొడిగా, వెచ్చగా ఉంది. మార్చి దాకా అందులోకి చుక్క దిగదు. అప్పటికి కాలువ సిద్ధంగా ఉండాలి. కొంచెం అవతల ఒక ముళ్ళపొద కాలువకు అడ్డంగా పాకి ఉంది. ఇంకా చాలా పొద్దుంది. కొడవలి తీసుకుని దాని దగ్గరికి నడిచాను.