పల్లం బడి

ఆ ఊరి పురపాలక సంఘానికి రెండు బడులుండేవి. గుట్టమీది వీధుల్లో ఉన్నదాన్ని మిట్ట బడి అనీ, రైలుకట్ట కింద ఉన్నదాన్ని పల్లం బడి అనీ అనేవారు. రెండూ జనం కట్టే పన్నులతో నడిచేవే. అయినా ఒకటి కన్నబిడ్డ, రెండోది సవతిబిడ్డ.

పల్లం బడిలో ఒక గది కప్పు పెచ్చులూడి పడిపోతే, రెండు తరగతుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి మధ్యలో బీరువా అడ్డం పెట్టారు. ఇటు ఎక్కాలు, అటు పద్యాలు. ఎక్కం అప్పజెబుతున్న పిల్ల నోట్లోంచి మధ్యలో పద్యం ఊడిపడేది. అందరూ నవ్వేవారు. నవ్వురానిది మరుగుదొడ్డి సంగతి. దాని తలుపు ఊడిపోయి ఎన్నాళ్ళో అయింది. ఆడపిల్లలు ఇంటికి వెళ్ళేదాకా నీళ్ళు తాగడం మానేశారు.

కండక్టరమ్మ కూతురు కూడా మానేసింది. ఒకనాడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆస్పత్రికి ఎత్తుకెళ్ళారు. "నీళ్ళెందుకు తాగవు తల్లీ?" అని డాక్టరు అడిగితే, ఆ పిల్ల తలొంచుకుని తలుపు సంగతి చెప్పింది. కండక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె సిటీ బస్సులో కండక్టరు. ఊళ్ళో అందరికీ ఆమె కండక్టరమ్మే. భర్త లారీ డ్రైవరు, ఎప్పుడూ దారిమీదే ఉంటాడు. మేడమీది వాటాలో మరిదీ తోటికోడలూ ఉంటారు. తోటికోడలి కొడుకూ, ఈమె కూతురూ ఒకే తరగతి. సంఘం సమావేశానికి రమ్మని ఇద్దరాడవాళ్ళూ కలిసి సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగారు. బేకరీ ఆయన వస్తానన్నాడు, నర్సమ్మ వస్తానంది, వెల్డింగు షాపువాళ్ళు వస్తామన్నారు. "గొంతున్నదానివి, నువ్వే మాట్లాడాలి" అన్నారందరూ.

నిధులు పంచే సమావేశం రోజున హాలు నిండిపోయింది. మెత్తటి కుర్చీల్లో సభ్యులు, వెనక గోడవారన నిలబడి పల్లం జనం. కండక్టరమ్మ మైకు అందుకుంది.

"అయ్యా, నీళ్ళు పల్లమెరుగుతాయంటారు. మీ నిధులకి మాత్రం మిట్టెక్కడమే తెలుసు."

హాలంతా గొల్లున నవ్వింది. చైర్మన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ధైర్యం వచ్చింది.

"మిట్ట బడిలో ఈతకొలను కట్టిస్తున్నారట. కట్టించండి, వాళ్ళూ పిల్లలే. మా పిల్లలకి ఈతలొద్దు. తాగిన నీళ్ళు వదలడానికి ఒక తలుపు పెట్టించండి. నెత్తిన పడని కప్పు వేయించండి. మా పన్ను మీరు చిల్లర అని వెనక్కిచ్చేయడం లేదుగా!"

చప్పట్లు మోగిపోయాయి. బేకరీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చైర్మన్ లేచి, "అమ్మా, మీ ఆవేదన మా గుండెల్ని తాకింది" అన్నాడు. వెంటనే ఓటింగు పెట్టాడు. చేతులు లేచాయి. ముందు అనుకున్నది అనుకున్నట్టే పాసైపోయింది. పల్లం బడికి సున్నం వేయించుకోవడానికి మాత్రం ఏదో ఇచ్చారు. తన మాటలకు వాళ్ళు ఎందుకు నవ్వారో కండక్టరమ్మకు అప్పుడు అర్థమైంది. తమాషా చూసినవాళ్ళ నవ్వు అది.

మెట్లు దిగుతుంటే వార్డు మెంబరు పక్కకు పిలిచాడు.

"అదరగొట్టావమ్మా! నీలాంటిదాని పిల్ల అక్కడుండాల్సింది కాదు. మిట్ట బడిలో సీటు ఇప్పిస్తాను, రేపే పంపించు."

"నా ఒక్కదాని పిల్ల కోసం వచ్చానాండీ ఇంతమందిని వెంటేసుకుని?" అని ఆమె చరచరా వెళ్ళిపోయింది.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ మెంబరు అడగాల్సినవాళ్ళందర్నీ అడిగాడు. ముందు బేకరీ ఆయన కొడుకు బడికి రావడం మానేశాడు. తరవాత నర్సమ్మ కూతుళ్ళు. సమావేశంలో ఎవరు గట్టిగా అరిచారో వాళ్ళ పిల్లలే ఒక్కొక్కరుగా గుట్టెక్కారు. బేకరీ ఆయన ఆమెను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం తోటికోడలు మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఒక మాట. తిట్టకూడదు."

"తిట్టాల్సిన మాటైతే చెప్పకు."

"వాడికి మిట్ట బడిలో సీటొచ్చింది."

కండక్టరమ్మ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన పెట్టింది.

"మొన్న నా పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది నువ్వే కదే!"

"కొట్టాను. చప్పట్లకి కప్పు లేచిందా? బావగారిలాగే మా ఆయనా చదువు లేక ఎండలో మాడుతున్నాడు. వాడి బతుకూ అలాగే తెల్లారిపోవాలా?"

"ఒక్కొక్కరూ జారుకుంటే మిగిలినవాళ్ళ గతేంటి?"

"అందరికీ బాగయ్యేదాకా ఆగాలంటే పిల్లలు ఆగుతారా అక్కా? వాళ్ళు పెరిగిపోతారుగా." తోటికోడలు మెట్లవైపు తిరగబోయి ఆగింది. "నీకూ ఇస్తానన్నాడట. వద్దన్నావట. నీది గొప్ప మనసు. నాకంత లేదు, ఏం చేయను?"

ఆమె వెళ్ళాక కూతురు లోపలిగదిలోంచి వచ్చింది.

"నిజమేనా అమ్మా? నాకూ ఇస్తామన్నారా?"

"అన్నారు."

"నన్నడిగావా?"

కండక్టరమ్మ మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఆ పిల్ల ఇంకేమీ అనకుండా పుస్తకాలు సర్దుకుంది.

సెలవులకు ముందు బడి గేటుకు కాగితం అంటించారు. పిల్లలు చాలినంతమంది లేనందున పల్లం బడి మూసేస్తున్నామనీ, ఉన్నవాళ్ళను ఫ్యాక్టరీల అవతల ఉన్న పక్క ఊరి బడిలో చేర్చుకుంటారనీ దాని సారాంశం. పెద్ద టీచరు బెంచీమీద కూలబడిపోయింది.

"పొమ్మనలేక పొగబెట్టారమ్మా. పిల్లల్ని వాళ్ళే తీసుకెళ్ళి, ఇప్పుడు పిల్లలు లేరంటున్నారు."

కండక్టరమ్మ డ్యూటీ దిగి నేరుగా మెంబరు ఇంటికి వెళ్ళింది. జన్మలో ఎవరి గుమ్మం ముందూ అలా నిలబడలేదు. ఆయన వరండాలో టీ తాగుతున్నాడు.

"ఆ సీటు మా పిల్లకిప్పించండి."

"అయ్యో, నిండిపోయాయే! అప్పుడే ఒప్పుకోవాల్సింది."

"నేలమీదైనా కూర్చుంటుందండీ."

"నేలమీద కూర్చోబెడతామా తల్లీ? ఆ బడికో పద్ధతుంది" అన్నాడు, ఎంతో నొచ్చుకుంటున్నట్టు.

కొత్త బడికి రెండు బస్సులు మారాలి. కూతురు చీకటితోనే లేస్తుంది, తరగతిలో కునుకుతుంది. అక్కడి టీచర్లు దాన్ని వెనకబెంచీకి పంపేశారు. ఏం చెప్పారే ఇవాళ అని అడిగితే, "ఏదో చెప్పారు" అంటుంది. ఒకప్పుడు ఎక్కాల్లో పద్యాలు కలిపి ఇల్లంతా నవ్వించిన పిల్ల అది. ఇప్పుడు మేడమీద తోటికోడలి కొడుకు గట్టిగా పాఠం చదువుతుంటే లేచి వెళ్ళి కిటికీ మూసి వస్తుంది. తోటికోడళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు గానీ, కుళాయి గురించీ కరెంటు గురించీ తప్ప మరో మాట లేదు.

ఏడాది తిరిగేసరికి సంఘంవాళ్ళు వీధిలో మైకుబండి తిప్పారు. నిధుల సమావేశం ఉంది, పౌరులు వచ్చి తమ అభిప్రాయాలు చెప్పవచ్చు అని. వెల్డింగు షాపతను గుమ్మందాకా వచ్చాడు.

"ఈసారి రోడ్డు సంగతి అడుగుదామమ్మా. నువ్వు మాట్లాడితే..."

"డ్యూటీ ఉంది బాబూ" అందామె.

సమావేశం రోజున ఆమెకు సెలవే. తలుపు దగ్గరికి వేసి, మంచంమీద కూతురి పక్కన కూర్చుంది. బడి నుంచి వచ్చిన పిల్ల యూనిఫాంలోనే, బూట్లయినా విప్పకుండా నిద్రపోయింది. కండక్టరమ్మ ఆ బూట్లు విప్పసాగింది.