టేపులో నా అరుపు

"టీషర్టులు నువ్వు మడిస్తేనే బాగుంటాయి రెనాటా," అన్నాడు డ్వేన్. ముప్పై ఏళ్ళుగా నాకు దక్కిన పొగడ్త ఇదొక్కటే. నా మొగుడి రాక్ బ్యాండు 'సాల్ట్ ట్రక్' మా ఊరు బఫలోలో ఎక్కడ వాయించినా హాలు చివర, మరుగుదొడ్ల తలుపు పక్కన ఒక మడత బల్ల వేస్తారు. దాని వెనక నేను నిలబడి టీషర్టులూ రికార్డులూ అమ్మాలి. పాట నాకు గోడకు కొట్టుకుని సగం సగంగా వచ్చేది, మధ్యలో ఎవరో ఫ్లష్ నొక్కేవారు. నా పిల్లలిద్దరూ ఆ బల్ల కిందే కోట్లు పరుచుకుని నిద్రపోయి పెద్దవాళ్ళయ్యారు. ఒకసారి మా తమ్ముణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక్క పాటకైనా ముందుకెళ్ళి నిలబడదామని బయలుదేరాను. మా అత్తగారు బెర్నీస్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బ్యాండువాడి పెళ్ళానివి, ఇంట్లో వినేది చాలదా నీకు? పిల్లల తల్లివి, ఆ గంతులేమిటి?" అంది. ఆగిపోయాను. ఎందుకు ఆగానా అని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో వినేది ఏముంది గనక? నేలమాళిగలో వాళ్ళ సాధన, ఒకే ముక్క నలభైసార్లు, మధ్యమధ్య "కాఫీ!" అని కేక. నాకు కావలసింది అది కాదు, పెళ్ళికి ముందు నాకున్నది. బేకరీలో పని అవగానే, చేతులకు పిండి అలాగే ఉండగా, ఊళ్ళో ఏ బ్యాండు ఏ హాల్లో వాయిస్తున్నా పరుగెత్తేదాన్ని. బయటి ఊళ్ళ నుంచి వచ్చే పేరున్నవాళ్ళ కోసం కాదు. మా వీధుల పేర్లు, మా మంచు, మా నాన్న పనిచేసి మూతబడ్డ ఉక్కు మిల్లు ఉన్న పాటల కోసం. పక్కవీధి కుర్రాళ్ళు మూడొందల కాపీలు మాత్రమే వేయించిన చిన్న రికార్డు ఇంటికి తెచ్చుకుని, అట్ట వాసన చూసి, సూది దించి, ఆ చిటపటలతో సహా వినేదాన్ని. స్పీకరు ముందు నిలబడితే డ్రమ్ము దెబ్బ నేరుగా పక్కటెముకల్లో తగిలేది. అప్పుడు నేను ఎవరి కూతురినో, రేపు ఏం వండాలో ఏదీ గుర్తుండేది కాదు. అంత సుఖం నాకు తర్వాత మంచంలో కూడా దొరకలేదు, చెప్పడానికి సిగ్గేముంది.

కోటు జేబులో చిన్న టేప్ రికార్డరు ఉండేది. షోలు టేపు చేసేవాళ్ళకి ఒకటే నియమం, నోరు విప్పకూడదు. మైకు మన గుండెల దగ్గరే ఉంటుంది కనక అందరికంటే మన గొంతే పెద్దగా పడి టేపు పాడవుతుంది. అరవై టేపుల్లో నేను ఆ నియమం తప్పింది ఒక్కసారే.

ఆ టేపే ఇవాళ మా వంటింటి బల్ల మీద తిరుగుతోంది. ఊళ్ళో పాత బ్యాండ్ల షోలని రికార్డులుగా వేసే కోలిన్ వచ్చి, డ్వేన్ పక్కన కూర్చుని వింటున్నాడు. ఎనభై ఏడు ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం, మా ఊళ్ళో పోలండువాళ్ళ సంఘం హాలు. సాల్ట్ ట్రక్ మొదటి రోజుల టేపు ఇదొక్కటే మిగిలింది. చివరి పాట అయిపోయింది. అంతలో స్పీకరు పగిలేలా ఒక ఆడపిల్ల గొంతు. "ఆగండి! మళ్ళీ వాయించండి! ఈసారి భయపడకుండా వాయించండి!" జనం నవ్వులు. తర్వాత అదే పాట, ఒళ్ళు తెలియని ఊపుతో.

"ఇదీ! ఈ రెండోసారి వాయించిందే రికార్డుకి ప్రాణం," అన్నాడు కోలిన్. "మళ్ళీ ఎందుకు వాయించాలనిపించింది డ్వేన్?"

"ఏమో, లోపల్నుంచి తన్నుకొచ్చింది," అన్నాడు డ్వేన్. పత్రికలవాళ్ళకి ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాటే.

"ముందు ఆ అరుపొకటి ఉంది చూడండి, అది తీసేద్దాం. ఎవరో పిల్ల బాగా తాగినట్టుంది."

డ్వేన్ నా వైపు చూశాడు. అతనికి తెలుసు. పెళ్ళైన కొత్తలో ఆ గొంతు నాదని చెబితే ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. చూసి, చూపు కాఫీ కప్పులోకి దించుకున్నాడు. "తీసెయ్," అన్నాడు.

నేను లేచి టేపు ఆపేశాను. బయటికి లాగి గుప్పిట్లో పట్టుకున్నాను.

"తాగలేదు," అన్నాను. "పందొమ్మిదేళ్ళు నాకు. వీళ్ళు మొదటిసారి ఆ పాటని చర్చిలో వాయిస్తున్నట్టు బుద్ధిగా వాయించారు. నేను అరిచాను కనకే రెండోసారి వాయించారు."

కోలిన్ నోరు తెరిచాడు. "అది మీరా?"

"ఇప్పుడెందుకివన్నీ రెనాటా?" డ్వేన్ గొంతు తగ్గించాడు. "జనం పాట వినాలా, నీ గోల వినాలా?"

"రెండూ వింటారు. అరుపు ఉంటేనే టేపు ఇస్తాను."

"నా మొహం చూసైనా..."

"నీ మొహం చూసే ఇన్నేళ్ళు మరుగుదొడ్ల పక్కన నిలబడ్డాను డ్వేన్. ఇంక నా వల్ల కాదు."

అతను టేపు కోసం చెయ్యి చాపాడు. నేను గుప్పిట విప్పలేదు.

కోలిన్ ఇద్దరి మొహాలూ చూసి, నెమ్మదిగా పెన్ను తీశాడు. "ఉంచుదాం. అరుపు లేకపోతే ఆ రెండోసారికి అర్థమే లేదు. అట్ట వెనక మీ పేరూ వేస్తాను. శ్రీమతి డ్వేన్ హాలొరన్ అని వెయ్యనా?"

"నా పుట్టింటి పేరుతో, రెనాటా విటెక్ అని వెయ్యండి," అన్నాను. "శ్రీమతి హాలొరన్ అప్పటికింకా పుట్టలేదు."