నలభై పలకలు

భార్య సగం తాగి కింద పెట్టిన గ్లాసును అతను అప్పుడే కడిగి, తుడిచి, బోర్లించేశాడు.

"ఇంకా నా గొంతు దిగనే లేదు," అందామె.

"ఆగావుగా. అయిపోయిందనుకున్నా."

ఇంట్లో నలుగురు మనుషులు, రెండు గ్లాసులు. ఎప్పుడూ సరిపోతూనే ఉన్నాయి.

ఆఫీసులోనూ అదే తీరు. దుకాణాలకు వచ్చే ఆర్డర్లను సరుకు చేరవేసే కంపెనీల కంప్యూటర్లకు అందించే ప్రోగ్రాం అతనిది. ఆర్డరుకొక కొత్త పలక చేస్తే యంత్రానికి ఆయాసం వస్తుందని, మొత్తానికి నలభై పలకలే పెట్టాడు. చేత్తో పట్టుకునేవి కావు; యంత్రం జ్ఞాపకంలో ఉండేవి. ఒకటి తీసుకోవాలి, పేరూ చిరునామా రాయాలి, అవతలివాళ్లకు చూపించాలి, తుడిచి మళ్లీ అక్కడే పెట్టాలి. లక్ష ఆర్డర్లు వచ్చినా ఆ నలభయ్యే. మనిషి పొట్టి. మెడ ఉందో లేదో చెప్పలేం. నోరు తెరిస్తే "తుడిచి పెట్టండి" అనడానికే. అందుకే అందరికీ తుడుపు బాబాయ్ అయ్యాడు.

ఆ రోజు అతని ఉద్యోగానికి ఆఖరి రోజు. తాను వెళ్లాక పలకలు తీసేస్తారేమోనన్నదే అతని దిగులు.

పదింటికి మేనేజరమ్మ వచ్చి నిలబడింది.

"టైర్ల కొట్టాయనకు నాలుగు లారీ టైర్లు వెళ్లాయి బాబాయ్. వాటి మీద చీటీ, 'నా బంగారానికి, వేయి ముద్దులతో' అని. ఆ ముద్దులు పంపిందెవరో చెప్పేదాకా మాట్లాడనని వాళ్లావిడ భీష్మించుకు కూర్చుందట. ఎవరిదో కానుక చీటీ మీ పలక మీద మిగిలిపోయింది. మధ్యాహ్నంలోగా తేల్చకపోతే పలకలన్నీ తీయించేస్తా."

అతను పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయి వైపు తిరిగాడు. "తుడవకుండా పెట్టావా అమ్మా?"

"నేను ముట్టుకుంటే ఒట్టు బాబాయ్!"

తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ప్రోగ్రాంలో ఒక్కో వరుసే చదివాడు. పేరు తుడిచే వరుస ఉంది. చిరునామా తుడిచే వరుస ఉంది. ఫోను నంబరూ అంతే. కానుక చీటీ గడి కిందటి నెలలో చేర్చింది. దాన్ని తుడిచే వరుస లేదు. చేర్చినవాడి పేరు పక్కనే ఉంది. చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. తన పేరే.

అమ్మాయి కూడా చూసింది. "ఎవరికీ చెప్పన్లే బాబాయ్," అంది గుసగుసగా.

అతను లేచి నిలబడ్డాడు. "తుడవనిది నేనే," అన్నాడు హాలంతా వినబడేలా. "ఈ అమ్మాయిని ఊరికే అన్నాను."

కూర్చుని, లేని వరుస రాశాడు. తర్వాత టైర్ల కొట్టాయన ఇంటికి ఫోన్ చేశాడు. హాల్లో కీబోర్డులు ఆగిపోయాయి.

"అమ్మా, ఆ ముద్దులు మావైపు నుంచి వచ్చాయి. మీ ఆయనకేం సంబంధం లేదు... కాదమ్మా, నాకూ ఆయనంటే అలాంటిదేం లేదు!"

మేనేజరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "పలకలుంటాయి బాబాయ్. ఈ అమ్మాయికి అప్పజెప్పి వెళ్లండి."

సాయంత్రం సొరుగు ఖాళీ చేశాడు. బల్ల తుడిచాడు. కీబోర్డు సందుల్లో దుమ్ము ఊదాడు. గుమ్మం దగ్గర ఆఫీసు కార్డు ఇచ్చేసి, ఎవరూ చూడకముందే మెట్లు దిగిపోయాడు.

అతని కుర్చీలో పాత మెత్త ఒకటి మిగిలింది. నడుమ గుంట, ఎడమవైపు కాస్త లోతుగా.