అన్నయ్య రంపం ఆగడం లేదు

రిపేరుకొచ్చే మిషన్లలో సగం అబద్ధాలాడతాయని తమ్ముడి నమ్మకం. ఇంట్లో మొరాయించిన మిషను అతని షాపులో బల్ల ఎక్కగానే బుద్ధిగా తిరిగేస్తుంది, తెచ్చినవాడు వెర్రిమొహం వేసుకుని నిలబడతాడు. అలాంటివాళ్ళని చూసి లోలోపల నవ్వుకునే ఆ తమ్ముడికి, అన్నయ్య రంపం అదే వేషం వేసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

అన్నయ్య వడ్రంగి. తలుపులకీ కిటికీలకీ చట్రాలు చెయ్యడంలో పేరున్నవాడు. చట్రం మూలలు అతికేలా చెక్కని ఏటవాలుగా కోసే మైటర్ రంపం ఒకటి ఉంది, అది లేకపోతే అతనికి పని లేదు. పిడి కింద స్విచ్చు నొక్కితే బ్లేడు తిరుగుతుంది, వదిలితే లోపలి బ్రేకు పట్టి క్షణాల్లో ఆపెయ్యాలి. ఈ మధ్య ఆపడం లేదు. వదిలేశాక కూడా బ్లేడు తన ఇష్టమొచ్చినంతసేపు తిరిగి, ఎప్పటికో ఆగుతోంది. మొన్న కోసిన ముక్క తియ్యబోతే చొక్కా చేతిని అందుకుని మోచేతి దాకా చింపేసింది. అదృష్టం కొద్దీ ఒంటికి తగల్లేదు. ఆ చిరుగు చూసి వదిన ఆ పూట అన్నం ముట్టలేదు. రంపమైనా బాగవ్వాలి, దుకాణమైనా మూసెయ్యాలి అని తెగేసి చెప్పింది.

దుకాణం మూస్తే అన్నయ్య ఏమైపోతాడో తమ్ముడికి తెలుసు. సెలవురోజున కూడా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషి. నాన్న పోయాక ఆ రంపం మీదే ఇల్లు నడిపాడు, తమ్ముణ్ణి పెంచాడు. అందుకే తప్పు మిషన్‌దే కావాలని, అది తన చేతికి చిక్కాలని తమ్ముడు గట్టిగా కోరుకున్నాడు.

మొదట మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు చూశాడు. అవి అరిగితే బ్రేకు పట్టదు. అరిగే ఉన్నాయి. ప్రాణం లేచొచ్చి కొత్తవి వేశాడు. బల్ల మీద నొక్కి వదిలితే బ్లేడు టక్కున ఆగింది. ఈల వేసుకుంటూ తీసుకెళ్ళి ఇచ్చాడు. అన్నయ్య నొక్కి వదిలితే ఆగలేదు. మళ్ళీ మోసుకొచ్చి, మోటారు విప్పి, లోపలి రాగి పట్టీల మీద పేరుకున్న మసి తుడిచాడు. షాపులో ఆగింది, అక్కడ ఆగలేదు. స్విచ్చే మార్చాడు. అదే తంతు. తన దగ్గర ఆగేది అన్నయ్య దగ్గర ఎందుకు ఆగదో అంతు చిక్కక, దుకాణంలో కరెంటుని అనుమానించి వైర్లు మార్చాడు. డాక్టరుగారి ఇంట్లో తగ్గే రోగం మా ఇంట్లో తగ్గదేం అని వదిన ఎగతాళి చేసింది గానీ, ఆ ఎగతాళిలో ఉత్సాహం లేదు.

దుకాణంలో ఇంకొకరు నొక్కి చూడాలన్న ఒక్క సంగతీ వాళ్ళకి తట్టకపోవడానికి కారణం వాళ్ళ ఇంటి పద్ధతి. ఒకరి పనిముట్టు మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. నాన్న రోజుల నుంచీ అంతే. ఉలి కానీ రంపం కానీ, ఎవరిది వాళ్ళ చేతికే అలవాటు పడాలనేవాడు ఆయన. రిపేరు కోసం షాపుకొస్తే వేరే సంగతి. దుకాణంలో ఆ పిడి పట్టుకునేది అన్నయ్య ఒక్కడే. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి చూడడమే.

ఆ మధ్యాహ్నం తమ్ముడు వైర్లు బిగించి లేచాక, అన్నయ్య మళ్ళీ నొక్కి వదిలాడు. బ్లేడు తిరుగుతూనే ఉంది. వదిన చేతిలోని చీపురు గోడకి ఆనించి దగ్గరికొచ్చింది.

"ఇక్కడే, ఓసారి నువ్వు నొక్కి చూడు" అంది మరిదితో.

తమ్ముడు అన్నయ్య మొహం చూశాడు. అన్నయ్య పక్కకి జరిగాడు. తమ్ముడు నొక్కి, వదిలాడు. బ్లేడు టక్కున ఆగింది. ముగ్గురిలో ఎవరూ సంతోషించలేదు.

"మళ్ళీ నువ్వు నొక్కన్నయ్యా" అన్నాడు తమ్ముడు. ఈసారి బ్లేడుని కాదు, అన్నయ్య చేతిని చూస్తూ నిలబడ్డాడు.

అన్నయ్య నొక్కాడు. బ్లేడు హోరెత్తింది.

"వదిలెయ్."

"వదిలేశాను కదరా" అన్నాడు అన్నయ్య.

హోరు తగ్గింది గానీ బ్లేడు తిరుగుతోంది. అన్నయ్య చూపుడువేలు ఇంకా స్విచ్చు మీదే, కొద్దిగా వంగి ఉంది. స్విచ్చు పూర్తిగా వెనక్కి వస్తే గానీ ఆ బ్రేకు పట్టదు. తమ్ముడు ముందుకి వంగాడు. చెయ్యి చాపి, నిద్రపోతున్న పసివాడి వేలు తీసినట్టు ఆ వేలిని మెల్లగా పైకి తీశాడు. బ్లేడు ఆగిపోయింది.

అన్నయ్య తన చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు తెలియలేదురా. తీసేశాననే అనుకున్నాను" అన్నాడు అన్నయ్య. ఈమధ్య మేకులు జారిపోతున్నాయనీ, చొక్కా గుండీలు చికాకు పెడుతున్నాయనీ, అదంతా వయసులే అనుకున్నాననీ చెప్పాడు. రేపే పెద్దాసుపత్రికి వెళ్దామన్నాడు తమ్ముడు. వెళ్దామన్నాడు అన్నయ్య.

"నువ్వు ఒక్కో ముక్కా మారుస్తుంటే నాక్కూడా ఆశగా ఉండేదిరా, ఇదే అయ్యుంటుందని. దీన్ని అలా మార్చలేరుగా" అన్నాడు చెయ్యి చూపించి.

బల్ల మీద కిటికీ చట్రం ఒకటి మిగిలిపోయి ఉంది. ఇంకా ఒక్క ముక్క కొయ్యాలి. అన్నయ్య ఆ చెక్కని తనే సరిచేసి, బిగింపు వేసి, దూరంగా జరిగాడు.

"నువ్వు కొయ్యి" అన్నాడు.

"నేనా?"

"తొందరపడకు. బలంగా నొక్కకు. దానంతటది దిగనియ్యి."

తమ్ముడు జీవితంలో మొదటిసారి ఆ రంపంతో చెక్క కోశాడు. కోత తిన్నగానే పడింది. వేలు వదలగానే బ్లేడు ఆగింది.

అన్నయ్య వంగి బ్లేడు వంక చూశాడు.

"మంచి పని చేశావురా. ఎంత చక్కగా ఆగుతోందో" అన్నాడు.

ముక్కూమొహం తెలియనివాళ్ళు మెచ్చుకున్నా పొంగిపోయే ఆ తమ్ముడు, రంపం పిడి వదలకుండానే తల వంచుకుని ఏడ్చాడు.