యాపిల్ పళ్ల తనిఖీ

"సార్, చక్కర్ వస్తాంది."

మేడ్చల్ డిపో పక్కన యూనివర్సిటీ స్టాఫు బస్సు ఆగి ఉంది. డ్రైవరు జలాల్ ఒక చెయ్యి బస్సు తలుపుకు ఆనించి, రెండో చేత్తో నుదురు పట్టుకుని ఆ మాట అన్నాడు. ట్రాన్స్‌పోర్టు సూపరింటెండెంటు జోగారావు ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి కాలనీలో ఇల్లు కట్టుకుని ఏళ్లు గడిచినా, ఆయన చెవి మాత్రం ఇంకా గోదావరి దాటలేదు.

"రానీవయ్యా, రానీ. టీ క్లబ్బులో చక్కెర అయిపోయి నిన్నంతా చప్పిడి టీ తాగాం. ఎవరు తెస్తున్నారు?"

బస్సంతా నవ్వింది. ట్రాన్స్‌పోర్టు సెక్షన్‌లోనే లెక్కలు చూసే బిందు మేడ్చల్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. నవ్వు ఆపుకుని చెప్పింది: "చక్కెర గాదు సార్, చక్కర్. ఆయనకు కండ్లు తిరుగుతున్నయంట."

జోగారావు పేపరు మడిచాడు. కళ్లు తిరిగేవాడి చేతిలో స్టీరింగు తిరగకూడదని ఆయనకూ తెలుసు. అయినా అలవాటైన ప్రశ్నే నోటికొచ్చింది.

"నడపగలవా? లేకపోతే సిక్ లీవు పెడతావా?"

ఆ 'పెడతావా'లో చిన్న సాగదీత ఉంది. అది జలాల్‌కు వినపడింది. "అయితది సార్, జర తగ్గింది" అంటూ సీటెక్కాడు.

ఆ సాగదీత వెనక ఉన్న కథ పాఠకులకు చెప్పి తీరాలి. జోగారావు చెడ్డవాడు కాడు. పేరు జోగారావే గాని ఆఫీసులో ఒక్కనాడూ జోగలేదు. సర్వీసు మొత్తంలో జబ్బని సెలవు పెట్టలేదని చెప్పుకోవడం ఆయనకు బిరుదు చెప్పుకోవడంతో సమానం. "సిక్ లీవంటే చిక్కు లీవోయ్" అని కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం ఆయనే చెబుతాడు. ఆ సెక్షన్‌లో ఆచారం ఒకటి పెట్టిందీ ఆయనే. ఎవరైనా జబ్బని సెలవు పెడితే, మూడు రోజులు తిరక్కుండా సెక్షన్ తరఫున ఇద్దరు ముగ్గురు కలిసి, బ్రెడ్డూ యాపిల్ పళ్లూ కొనుక్కుని ఆ ఇంటికి వెళ్లాలి.

వినడానికి ఎంత మంచి ఆచారం. కాని వెళ్లినవాళ్ల చూపంతా మంచం మీదే ఉండేది. దుప్పటి కప్పుకుని మూలిగేవాడు అసలు రోగి. కుర్చీలో కూర్చున్నవాడు సగం రోగి. ఇంట్లో లేనివాడు పూర్తి దొంగ. పరామర్శ పేరుతో జరిగే విమర్శ అది. వెళ్లేటప్పుడు చేతిలో పళ్లు పెట్టి, వచ్చేటప్పుడు దారంతా పళ్లు నూరేవాళ్లు. అందుకే ఆ సెక్షన్‌లో జ్వరం తగ్గినవాడు కూడా పరామర్శ బృందం వచ్చి వెళ్లేదాకా మంచం దిగడానికి భయపడేవాడు. అసలు తెలివైనవాళ్లు జ్వరంతోనే డ్యూటీకి వచ్చేవాళ్లు.

బస్సు మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కింది. ఎదురుగా ఇసుక లారీలు, పక్కన కంపెనీ బస్సులు. కొంత దూరం పోయాక బస్సు మెల్లగా ఎడమకు జరిగి, రోడ్డు దిగి, మట్టిలో ఆగింది. జలాల్ హ్యాండ్ బ్రేకు లాగాడు. తాళంచెవి తీసి, సీట్లు పట్టుకుంటూ వచ్చి జోగారావు అరచేతిలో పెట్టాడు.

"నాతోని కాదు సార్. ఒక్క రోడ్డు రెండు రోడ్లు గనవడ్తాంది. ఇంతమంది పానాలు నా చేతుల వెట్టుకోని అబద్ధం జెప్పలేను. మీరేమన్న అనుకోండ్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కనుంచి లారీ ఒకటి దూసుకుపోతే ఆ గాలికి ఆగిన బస్సు ఊగింది. క్యాంపస్ నుంచి మైసయ్య అనే మరో డ్రైవరు వచ్చి అందరినీ చేర్చాడు. జలాల్‌ను డాక్టరు దగ్గరికి పంపించారు. చెవి లోపల మనిషిని నిలకడగా నిలబెట్టే భాగం ఒకటి ఉంటుందనీ, అది దెబ్బతిన్నదనీ, నయమయ్యేదాకా బండి నడపరాదనీ డాక్టరు రాసిచ్చాడు. సెలవు మంజూరైంది.

ఆచారం ప్రకారం పళ్లు కూడా మంజూరయ్యాయి.

జోగారావు, బిందు, మైసయ్య కలిసి శామీర్‌పేట అవతల జలాల్ ఊరికి వెళ్లారు. రెండు డ్యూటీలూ తన నెత్తిన పడినందుకు మైసయ్య దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. ఇంటి ముందు గదిలో మంచం ఖాళీగా ఉంది. జోగారావు కనుబొమలు పైకి లేచాయి. ఇంటి పక్కగా పెరట్లోకి తొంగిచూస్తే అక్కడ కనిపించింది దృశ్యం.

కూరగాయల మడి పక్కన, గోడ వెంబడి, జలాల్ నడుస్తున్నాడు. ఒక చెయ్యి ముందుకు చాపి బొటనవేలు పైకెత్తాడు. చూపు ఆ వేలు మీదే. తల మాత్రం కుడికీ ఎడమకీ ఊపుతున్నాడు. వెనకాలే భార్య అన్వరీ బేగం రెండు చేతులూ చాపి, పసిపిల్లకు నడక నేర్పుతున్నట్టు వస్తోంది.

"మస్తుగ స్టెప్పులేస్తుండు గదా. ఈడ నా నడుములు ఇరుగుతున్నయ్" అన్నాడు మైసయ్య. అంటూనే ఫోను తీశాడు. గడప దాటకముందే ఆ వీడియో స్టాఫు గ్రూపులోకి చేరిపోయింది.

జోగారావుకు ఒళ్లు మండింది. "ఏవయ్యా జలాల్, సెలవు బాగానే సాగుతోందే."

జలాల్ గొంతు వచ్చిన వైపు గబుక్కున తిరిగి, తూలి, గోడ పట్టుకున్నాడు. జోగారావు మొహం చూశాడు. తర్వాత ఆయన చేతిలోని సంచీ చూశాడు. అతని మొహం వాడిపోయింది.

"రేపే డ్యూటీ ఎక్కుత సార్. గా సంచి మాత్రం దర్వాజకు తగిలియ్యకుండ్రి."

జోగారావుకు అర్థం కాలేదు. అన్వరీ బేగం కొంగు సవరించుకుని ముందుకొచ్చింది. నిరుడు జలాల్‌కు విడవని జ్వరం వచ్చినప్పుడు కూడా వీళ్లు పళ్లతో వచ్చారట. ఆ వేళకు మొగుడూ పెళ్లాలిద్దరూ రక్త పరీక్షకు ఆసుపత్రి వరసలో నిలబడి ఉన్నారు. తాళం చూసి, సంచీ తలుపుకు తగిలించి వీళ్లు వెళ్లిపోయారు. సాయంత్రానికి క్యాంపస్ అంతా అతనికి 'బ్రెడ్డు జలాల్' అని పేరు పెట్టింది. ఆనాటి నుంచి ఒంట్లో ఎలా ఉన్నా అతను సెలవు అడగలేదు.

"మొన్న సుత పొద్దుగాల లేవంగనే కింద వడ్డడు సార్. పోవద్దని చెయ్యి వట్టుకున్న. మల్ల దర్వాజకు సంచి తగిలిస్తరు అన్కుంట పోయిండు." ఆమె గొంతు పెంచలేదు. "డాక్టర్ సాబ్ పండుకోవద్దన్నడు. పండుకుంటే చక్కర్ పోదట. గట్ల వేలు జూసుకుంట నడిస్తెనే పోతదట. ఇగ మీరే జెప్పుండ్రి. మీకోసం పండుకోమంటరా, మీ బస్సు కోసం నడువుమంటరా?"

లారీ గాలికి బస్సు ఊగిన ఊపు జోగారావు ఒంట్లోకి ఇప్పుడొచ్చింది. ఆ ఉదయం స్టీరింగు దగ్గర కూర్చున్నది జలాల్ ఒక్కడే కాదు. తాను తలుపుకు తగిలించి వచ్చిన సంచీ కూడా అతని పక్కనే కూర్చుంది. అంత అవమానం మోస్తూ కూడా, బస్సు నిండా జనం చూస్తుండగా, 'నాతోని కాదు' అన్నాడే, ఆ మనిషికి ఎంత గుండె ఉండాలి.

ఏమీ తోచక జోగారావు తానూ చెయ్యి చాపి, బొటనవేలెత్తి, తల ఊపుతూ నడిచి చూశాడు. గోడ చివరిదాకా పోలేకపోయాడు. కొత్తిమీర మడిలో కాలు పెట్టాడు. అన్వరీ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జలాల్ నవ్వాడు, చాలా రోజులకు.

"ఇదేం పిల్లల ఆట కాదయ్యా" అన్నాడు జోగారావు, చెప్పుకు అంటిన బురద దులుపుకుంటూ. "డాక్టరు ఫిట్‌నెస్ రాసిచ్చేదాకా బస్సు మెట్టెక్కావంటే నేనే దింపేస్తాను. రేపు గీపు లేదు."

మైసయ్య తలొంచుకుని ఫోను తీసి, "వీడియో తీసేస్త సార్" అన్నాడు. అప్పటికే అందరూ చూసేశారని బిందు చెప్పింది. జోగారావు ఆలోచించి, "ఉండనీ. దాని సంగతి పొద్దున నేను చూసుకుంటాను" అన్నాడు.

మర్నాడు బస్సులో వెనక సీట్ల దాకా బొటనవేళ్లు లేచి ఉన్నాయి, తలలు ఊగుతున్నాయి, నవ్వులు పొంగుతున్నాయి. జోగారావు పేపరు పక్కన పెట్టి, కడ్డీ పట్టుకుని అందరి వైపూ తిరిగి నిలబడ్డాడు. తన చెవికి చక్కర్ చక్కెరగా వినపడిన దగ్గర్నుంచి, తన కంటికి వైద్యం డాన్సుగా కనపడేదాకా జరిగిందంతా దాచకుండా చెప్పాడు. నిరుడు తలుపుకు సంచీ తగిలించి వచ్చింది కూడా తానేనన్నాడు. లేచిన వేళ్లు ఒక్కొక్కటే దిగాయి.

"మన బస్సు ఫిట్‌నెస్‌కు వెళ్లి షెడ్డులో నిలబడితే దొంగ బస్సని ఎవరమైనా అన్నామా? దానికి యాపిల్ పళ్లు పట్టుకెళ్లి, పడుకుందా లేచిందా అని చూశామా? మరి మనిషిని ఎందుకు చూశాం? ఈ సెలవు రిజిస్ట్రారు గారి ప్రసాదం కాదు, నా దయ అంతకంటే కాదు. చేసిన సర్వీసుకు సగం జీతం సెలవుగా మన పేరున జమ పడుతుంది. డాక్టరు సర్టిఫికెట్ పెడితే వాడుకున్న ఒక్కో రోజుకు అందులోంచి రెండు రోజులు తగ్గించుకుని పూర్తి జీతం ఇస్తారు. తిరిగి చేరడానికి ఫిట్‌నెస్ ఇచ్చేదీ డాక్టరే. నేను రూల్సన్నీ చదివాను. అందులో సూపరింటెండెంటు వెళ్లి మంచం చూసి రావాలని ఎక్కడా లేదు."

"మరి పండ్లు బంద్ చేద్దమా సార్?" అని అడిగింది బిందు.

"ఎందుకమ్మా? పట్టుకెళ్దాం. ముందు ఫోను చేసి, రావచ్చా అని అడిగి వెళ్దాం. తలుపుకు తాళం ఉంటే, పాపం ఆసుపత్రిలో ఉన్నారేమో అనుకుని తిరిగొద్దాం." ఆయన ఖాళీగా ఉన్న రోడ్డు పక్క మట్టిని కిటికీలోంచి చూశాడు. బస్సు ఆనాడు ఆగిన చోటు అదే. "మొన్న మనందరి ప్రాణాలూ కాపాడింది బండి నడపడం తెలిసినవాడు కాదు, ఆపడం తెలిసినవాడు. మంచాన పడినవాడే రోగి అనుకోవడం మనకు పట్టిన జబ్బు. ఒంట్లో బాగాలేదని నిజం చెప్పి పక్కకు తప్పుకున్న మనిషిని నమ్మి గౌరవించడమే ఆ జబ్బుకు మందు."