చెవిలో ఇంగ్లీషు, చేతిలో చీపురు

సల్తనత్ కడుపుమంట చీపురు దగ్గరే మొదలైంది.

కువా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా తెల్లవారకముందే లేచి నీళ్ళు చల్లి, లోపలి ముంగిలీ బయట వీధి గుమ్మమూ ఊడ్చేది చిన్నకోడలే. తన వెనక మరో కోడలు వచ్చేదాకా ఆ చీపురు ఆమెను వదలదు. సల్తనత్‌ని పదహారేళ్ళు వదల్లేదు. మరిది చదువులనీ ఉద్యోగాలనీ పెళ్ళి వాయిదా వేసుకుంటూ పోయాడు, ఈవిడ ఊడ్చుకుంటూ పోయింది. ఊడ్చి, తందూరులో రొట్టెలు కాల్చి, పిల్లల్ని తయారుచేసి, అప్పుడు బడికి పరుగెత్తి ఇంగ్లీషు పాఠాలు చెప్పేది. కిందటేడు దానిమ్మపళ్ళు కోసే రోజుల్లో మరిది పెళ్ళాం దియోరా కాపురానికొచ్చింది. చీపురు చేతులు మారింది. సల్తనత్‌కి ప్రాణం హాయిగా ఉంది. నెల్లాళ్ళే అనుకోండి.

దియోరా కూడా ఇంగ్లీషు చదివిన పిల్లే. వచ్చిన నెలకే అదే బళ్ళో చిన్న తరగతులకి చేరింది. అంతవరకు సల్తనత్ సహించేదేమో కానీ, చలికాలం సెలవుల ముందు హెడ్మాస్టర్ ఎర్గషెవ్ ఇద్దర్నీ పిలిచి ఓ మాట చెప్పాడు. ఏప్రిల్‌లో ఫెర్గానాలో ఇంగ్లీషు పరీక్ష ఉంది. చదివి అర్థం చేసుకునేది ఒక పేపరు, విని అర్థం చేసుకునేది ఒక పేపరు. రెండింట్లోనూ నలభైకి ముప్పై దాటినవాళ్ళకే సెప్టెంబరు నుంచి పదో తరగతికి పాఠాలు చెప్పే అవకాశం. ఇద్దరూ దాటితే మొత్తం ఎవరికెక్కువైతే వాళ్ళకి.

"పదహారేళ్ళ అనుభవానికి విలువ లేదా సార్?" అంది సల్తనత్.

"అంత అనుభవం ఉన్నావిడకి పరీక్షంటే బెంగెందుకమ్మా?" అన్నాడాయన.

ఐదో తరగతి దాటి పై తరగతులకి చెప్పనివ్వలేదు ఆమెను ఎవరూ. పదో తరగతి పిల్లలు వీధిలో కనబడి "టీచర్!" అని లేచి నిలబడితే ఎలా ఉంటుందో సల్తనత్ ఎన్నోసార్లు ఊహించుకుంది. ఇప్పుడా ఊహలో తన బదులు ఇరవై రెండేళ్ళ తోటికోడలు నిలబడింది.

చదివే పేపరులో సల్తనత్‌ని కొట్టేవాళ్ళు లేరు. ముందు ప్రశ్నలు చూసుకుని, అందులోని పేర్లూ సంవత్సరాలూ మనసులో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు పాఠంలోంచి జవాబులు ఏరేసేది. వినే పేపరు మాత్రం ఆవిడ పాలిట శత్రువు. ఆవిడకి చదువు చెప్పిన మాస్టార్లే ఇంగ్లీషు మాట్లాడే మనిషిని చూసెరగరు. ఫోన్లో ఆ దొరలు మాటల్ని సగం మింగేసి మిగతా సగం ఉమ్మేసినట్టుండేది. గది తలుపులు బిగించుకుని, పిల్లల్ని కసిరి, నాలుగు మాటలకోసారి ఆపి, వెనక్కి తిప్పి, రాసుకునేది.

దియోరాకి తలుపులు బిగించుకునే భాగ్యం ఎక్కడిది? తలగుడ్డ కింద చెవిలో తీగ దోపుకుని, ఫోను జేబులో వేసుకుని, ముంగిలి ఊడుస్తూ వినేది. ఓ రోజు తెల్లవారుజామున ఊడుస్తూ ఊడుస్తూ పకపకా నవ్వింది. నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకుని వస్తున్న అత్తగారు హోజర్‌ఖాన్ ఆగిపోయింది.

"ఏమే, చీపురుతో సరసాలా?"

"కాదత్తమ్మా, ఇంగ్లీషు ముసలాయన. తోటలో నత్తలు పడి క్యాబేజీ అంతా తినేశాయని ఏడుస్తున్నాడు."

"బూడిద చల్లలేదా వెర్రిమొహం?"

"ఉప్పు చల్లాడట. నత్తలు బతికే ఉన్నాయట, క్యాబేజీ చచ్చిందట."

హోజర్‌ఖాన్ నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. ఆ మర్నాటి నుంచి పిండి పిసికే వేళకి అదో అలవాటైపోయింది. "ఇవాళ నీ ముసలాడేమన్నాడే?" అని ఆవిడ అడగటం, ఈ పిల్ల చేతులూపుతూ చెప్పటం, ఇద్దరూ విరగబడి నవ్వటం.

కిటికీ వెనకనుంచి వింటున్న సల్తనత్ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. పదహారేళ్ళలో ఈ అత్తగారు ఒక్కనాడైనా "నీ పుస్తకంలో ఏముందే" అని అడిగిందా? అడిగిందల్లా ఒక్కటే, "పుస్తకం మూసి పిండి చూడు, పొంగిపోతోంది" అని. పదో తరగతి పోతే పోయింది, ఈ నవ్వు కూడా దీనికేనా అనిపించి ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. పని పురమాయించింది.

"దియోరా, బొంతలన్నీ ఉతికెయ్. వసంతం వచ్చేస్తోంది."

"సరే అక్కా."

"తివాచీలు దులుపు. పండగ విందుకి పది కిలోల క్యారెట్లు తరగాలి, మర్చిపోకు."

"సరే అక్కా."

పని పెరిగాక ఆ పిల్ల పుస్తకం మూతపడే ఉంది. కానీ చెవిలో తీగ తియ్యలేదు. కుళాయి హోరులో, తివాచీ దెబ్బల్లో, పిల్లల గోలలో దొరల మాటలు పట్టుకోవటం దానికి అలవాటైపోయింది. ఆ సంగతి సల్తనత్ బుర్రకి తట్టలేదు.

మార్చిలో ఓ మధ్యాహ్నం దియోరా పుస్తకం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"అక్కా, చదివే పేపరుకి నాకు టైము చాలట్లేదు. ఫోన్లో ఒకాయన ముందు ప్రశ్నలు చూడమంటున్నాడు. నువ్వెలా చేస్తావ్?"

సల్తనత్ నోటిదాకా నిజం వచ్చింది. అక్కడే ఆగింది.

"ఆ ఫోనాయన పదహారేళ్ళు పాఠం చెప్పాడా?" అంది. "ముందు పాఠమంతా చదువు. మూడుసార్లు. ప్రతి మాటా అర్థమయ్యేదాకా ప్రశ్నల వంక చూడకు. చూశావో, బుర్ర పాడవుతుంది."

"అంతేనా అక్కా?"

"అంతే."

పెద్దకోడలి మాటకి ఎదురు చెప్పటం ఆ ఇంట్లో లేదు. దియోరా తలూపింది. వెళ్ళబోయి, ఆగి, గొంతు తగ్గించింది.

"నువ్వు వినేటప్పుడు మాటిమాటికీ ఆపేస్తున్నావక్కా. గోడవతలకి వినబడుతోంది. ఆపకు. పనిచేసుకుంటూ విను. ఒక మాట పోయిందా, పోనీ. పోయిన కోడి వెంట పరుగెత్తితే మిగతా కోళ్ళూ పోతాయి."

అది వెళ్ళాక సల్తనత్ నవ్వుకుంది. జవాబులు వదిలేసుకోమంటోంది, ఎంత తెలివి! పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది మరి. తాను అబద్ధం చెప్పింది గనక అదీ చెప్పిందనుకుంది. ఆ రోజునుంచి ఇంకా బిగించుకు కూర్చుని, ఒక్క మాట పోయినా నాలుగుసార్లు వెనక్కి తిప్పింది.

పరీక్ష రోజు పొద్దున హోజర్‌ఖాన్ గుమ్మంలో వేడి రొట్టె పట్టుకుని అడ్డం నిలబడింది. సైన్యానికి వెళ్ళే కొడుకులచేత కొరికించి, వాళ్ళు తిరిగొచ్చి తినేదాకా గోడకి వేలాడదీసే రొట్టె అది.

"మేం సాయంత్రానికల్లా వచ్చేస్తాం కదత్తమ్మా!" అంది దియోరా.

"ఫలితం ఎప్పుడొస్తే అప్పుడే మీరొచ్చినట్టు. కొరకండి."

ఒకే రొట్టె. దియోరా ఈ పక్క కొరికింది, సల్తనత్ ఆ పక్క కొరికింది. నాకు వేరే రొట్టె పెట్టకూడదా అని సల్తనత్ మనసులో గింజుకుంది.

చదివే పేపరు ఆవిడ ఇరవై నిమిషాల ముందే ముగించింది. రెండు వరసల ముందు దియోరా వంగి, వేలు పెట్టి, మొదటి పాఠమే మళ్ళీ చదువుతోంది. సల్తనత్‌కి లోపల చల్లబడింది. తరవాత వినే పేపరు. గోడమీది స్పీకరు గరగరలాడింది, బయట ట్రాక్టరు పోయింది, ఐదో ప్రశ్నలో ఏదో వీధి పేరు చెవి పక్కనుంచి జారిపోయింది. వెనక్కి తిప్పటానికి ఆవిడ బొటనవేలు బల్లమీద కదిలింది. అక్కడ తిప్పటానికేముంది? ఆ పేరేమిటా అని తల పట్టుకుని, కళ్ళు తెరిచేసరికి దొర తొమ్మిదో ప్రశ్నలో ఉన్నాడు. ఆ తరవాత ఇక ఏ కోడీ దొరకలేదు.

మే నెలలో ఫలితాలొచ్చాయి. సల్తనత్‌కి చదివే పేపరులో ముప్పై ఎనిమిది, వినే పేపరులో పంతొమ్మిది. దియోరాకి వినే పేపరులో ముప్పై ఏడు, చదివే పేపరులో ఇరవై ఒకటి. హెడ్మాస్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మంచి టీచరు వస్తుంది. ఆగస్టులో మళ్ళీ రాయండి. అప్పుడూ ఇదే వరసైతే పదో తరగతిని జర్మన్ చెప్పే ముసలాయనకిచ్చేస్తా."

ఆ సాయంత్రం హోజర్‌ఖాన్ మేకు మీంచి రొట్టె దించింది. రాయిలా ఉంది. రెండు ముక్కలు చేసి, వేడి టీ గిన్నెలతో చెరొకటి ఇచ్చింది.

"నువ్వు చెప్పినట్టే చేశానక్కా," అంది దియోరా, రొట్టె ముంచుతూ. "మూడుమూడుసార్లు చదివాను. మూడో పాఠం తెరవనేలేదు, గంట కొట్టేశారు. నాదే మందబుర్ర."

సల్తనత్ నోట్లో రొట్టె పళ్ళ మధ్య గడ్డిలా తిరిగింది.

"నీది కాదు," అంది. "నేనలా చెయ్యను. ముందు ప్రశ్నలే చూస్తాను, ఎప్పుడూ. నీకు కావాలనే తప్పు చెప్పాను."

దియోరా చేతిలో ముక్క టీ గిన్నె మీదే ఆగింది.

"ఎందుకు?"

"ఓర్వలేక." సల్తనత్ అత్తగారి వైపు చూసింది. "నన్నెవరూ ఏమీ అడగలేదు ఈ ఇంట్లో. పదహారేళ్ళు."

దియోరా తన ముక్కని గుడ్డమీద పెట్టేసి, లేచి, తన గదిలోకి వెళ్ళిపోయింది. కొరికిన రొట్టె తినకుండా లేవటం అపశకునం. హోజర్‌ఖాన్ ఆ ముక్కని గుడ్డలో చుట్టి దాచింది.

మర్నాడు తెల్లవారుజామున సల్తనత్ చీపురు తీసింది. చెవిలో తీగ ఎంత దోపినా జారిపోతుంటే విసుగొచ్చి, ఫోను జేబులోనే వేసుకుని గట్టిగా పెట్టింది. ముంగిలంతా ఇంగ్లీషు. నీళ్ళు చల్లి ఊడుస్తుంటే ఒక మాట జారిపోయింది. తడి చెయ్యి జేబువైపు వెళ్ళింది.

"ఆపకు."

దియోరా గడప మీద నిలబడి ఉంది. జుట్టు ముడి వెయ్యలేదు. అక్కా అనలేదు.

"పోయింది పోనీ. ముందుది విను."

సల్తనత్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఊడ్చింది. వజూ నుంచి వస్తున్న హోజర్‌ఖాన్ పెద్దకోడలి చేతిలో చీపురు చూసి ఓ క్షణం నిలబడింది. లోపలికెళ్ళి, గుడ్డ మూట తెచ్చి దియోరా చేతుల్లో పడేసి, అరుగు మీద కూర్చుంది.

"ఏమే సల్తనత్, ఏమంటున్నాడు మీ ముసలాడు?"

"సగమే అర్థమైందత్తమ్మా."

"ఆ సగమే చెప్పు."

"రైలు ఎక్కుతాడట... భార్య గొడుగు మర్చిపోయాడట. తరవాతది తెలీలేదు."

గడప మీద దియోరా ఎండిన రొట్టె కటకటా కొరికింది. నమలటానికి చాలాసేపు పట్టింది.

"గొడుగు కాదు," అంది నిండు నోటితో. "భార్యనే మర్చిపోయాడు."

హోజర్‌ఖాన్ విరగబడి నవ్వింది. దియోరాకి మొత్తం అర్థమైందని సల్తనత్‌కి మళ్ళీ చురుక్కుమంది.

"ముఖం కడుక్కుని పుస్తకం తీసుకురా," అంది, చీపురు ఆపకుండా. "ముందు ప్రశ్నలు చూడు."