శిల్ప గుర్తు రెక్కల చిక్కుడు

మార్టూరు మిద్దెతోటల సంఘంలో ఓటు కాగితం మీద వెయ్యరు, గింజతో వేస్తారు. పోటీలో ఉన్న ఒక్కొక్కరికి ఒక విత్తనం గుర్తు. ఎన్నిక రోజున సభ్యులు తమ దగ్గరున్న గింజ ఒకటి గుప్పిట్లో దాచుకుని వచ్చి, గుడ్డ కప్పిన కుండలో వదులుతారు. సంఘం పెట్టిన ఏడాది చీటీలు తేవడం మరిచిపోయి, సంచుల్లో ఉన్న గింజలతో పని కానిచ్చేశారు. అది అందరికీ నచ్చి అలాగే ఉండిపోయింది. ఎవరికి ఏ గింజో నిర్ణయించి సభ్యులకు తెలియజేయడం కార్యదర్శి పని.

మొదటినుంచీ కార్యదర్శి జయకుమారి. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. బడి మానేశాక ఆవిడతో మాట్లాడవలసిన అవసరం ఎవరికీ లేకుండా పోయిన రోజుల్లో ఈ సంఘం మొదలైంది. గ్రానైటు పాలిషింగ్ యూనిట్ల నుంచి ఎగిరొచ్చే రాతిపొడిని ఆకుల మీంచి ఎప్పుడు కడగాలో, ఎవరింట్లో వంగనారు మిగిలిందో వాట్సాప్ గ్రూపులో రాసేది. ఫోనులో చదువుకోలేని పెద్దవాళ్లకు శనివారం పొద్దున్నే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేది. కబురు చెప్పడం నిమిషంలో అయిపోయినా మాటలు మధ్యాహ్నం దాకా సాగేవి. ఆ పదవి పోతే ఆ శనివారాలు పోతాయి.

కిందటేడు శిల్ప చేరింది. భర్త గ్రానైటు లారీ నడుపుతాడు. శిల్ప గ్రూపులో రాయదు, మాట్లాడుతుంది. మొక్కల మధ్య నిలబడి, నీళ్ల చప్పుడు వినబడుతుండగా, టమాటాకు పట్టిన తెల్లదోమ గురించి పక్కింటి వాళ్లతో చెప్పినట్టు చెప్పి పంపుతుంది. దాని కింద ఎర్ర గుండెలు, పూలగుత్తులు వరసకడతాయి. జయకుమారి అచ్చుతప్పు లేకుండా రాసిన పేరా కింద రెండు దణ్ణాలు కనబడేవి. వాటిలో ఒకటి అధ్యక్షుడు సుభానీది. ఆయన అందరికీ పెడతాడు.

ఒకరోజు స్నేహితురాలు సామ్రాజ్యం, చీరాల చీరల మూట విప్పుతూ, శిల్ప గొంతు విననిదే తనకు తెల్లవారినట్టుండదని అంది. సామ్రాజ్యానికి అందులో చెడుగా ఏమీ తోచలేదు. జయకుమారి ఆ రోజు చీర కొనలేదు.

ఎన్నికలకు నెల ముందు, కార్యదర్శి పదవికి తానూ నిలబడుతున్నానని శిల్ప గ్రూపులో చెప్పింది. జయకుమారి 'శుభాకాంక్షలు' అని రాసింది. ఎవరి మీద మనసు నొచ్చుకుంటే వారి కోసమే ప్రార్థన చెయ్యాలని చిన్నప్పుడు చర్చిలో నేర్పారు. ఆ సాయంత్రం సంఘం సభ్యుల పేర్లన్నీ అక్షరక్రమంలో తలుచుకుంటూ వచ్చి, 'వ' దాటగానే ఆమెన్ అనేసింది.

మర్నాడు గుర్తులు ప్రకటించింది. తనకు బెండ. శిల్పకు రెక్కల చిక్కుడు.

బెండ గింజ లేని ఇల్లు సంఘంలో లేదు. రెక్కల చిక్కుడు జయకుమారి మిద్దె మీద తప్ప ఊళ్లో ఎక్కడా లేదు. నాలుగు అంచులున్న కాయలు, నీలం పూలు. దాన్ని చూడ్డానికే జనం వచ్చేవాళ్లు. నా తోటలో గొప్ప తీగను ఆ పిల్లకు గుర్తుగా ఇచ్చాను, అది గౌరవమే కదా అని జయకుమారి తనకు తాను చెప్పుకుంది. ఓటేద్దామన్నా గింజ ఎక్కడ దొరుకుతుందన్న ఆలోచనను మాత్రం ఆ మాటల వెనకాల దాచింది.

శిల్ప జవాబు గొంతులోనే వచ్చింది. ఆ నీలం పూలంటే తనకెంత ఇష్టమో చెప్పి, టీచరుగారు తనకంత మంచి గుర్తు ఇస్తారని అనుకోలేదంది. కింద మళ్లీ పూలగుత్తులు.

అయితే జయకుమారి ఒక సంగతి మరిచిపోయింది. గింజ అడిగినవాళ్లకు లేదనకూడదన్నది ఆ సంఘంలో మొదటి నియమం. ఆ మాట రాసిపెట్టింది ఆవిడే.

ముందు సుభానీ వచ్చాడు. పాదు పెట్టుకుంటానని రెక్కల చిక్కుడు గింజలు అడిగాడు. డబ్బా తీసి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. తర్వాత ఇంకొకరు, ఆ వెనకే ఇద్దరు. అందరూ పాదు పెట్టుకోడానికే అన్నారు. ఒక్కరూ ఎన్నిక మాట ఎత్తలేదు. ఇచ్చిన ప్రతి పొట్లం శిల్పకు ఓటని ఆవిడకు తెలుస్తూనే ఉంది. తనను ఓడించడానికి వస్తున్నవాళ్లు తన బచ్చలి పాదు ఎంత బాగుందో చెప్పి, కాఫీ తాగి, కాసేపు కూర్చుని మరీ వెళుతున్నారు. ఏళ్ల తరబడి ఆ ఇంటి మెట్లు ఎక్కనివాళ్లు కూడా ఆ నెలలో ఎక్కారు. అది పట్టించుకునే స్థితిలో ఆవిడ లేదు.

చివరికి సామ్రాజ్యం కూడా వచ్చింది.

"వదినా, నాకూ కాసిని గింజలు పెట్టు."

"నీకెందుకు?"

"అందరికీ ఎందుకో నాకూ అందుకే."

జయకుమారి డబ్బా తీసి పెట్టింది. సామ్రాజ్యం గింజలు కొంగున ముడేసుకుని, మెట్లు దిగుతూ కూడా ఏదో చెబుతూనే ఉంది. ఆ సాయంత్రం జయకుమారి మొక్కలకు నీళ్లు పొయ్యలేదు.

ఎన్నిక ముందురోజు శిల్ప వచ్చింది. ఈ పిల్ల అడిగితే గింజలకు పురుగు పట్టిందని చెప్పాలని జయకుమారి ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. శిల్ప చెప్పులు కింద విడిచి వచ్చి, మిద్దె మీద గోడవారగా నిలబడింది.

"నా గుర్తు గింజ నా దగ్గరే లేదండి టీచరుగారూ. నవ్వుతారేమో."

"ఇంతమంది తీసుకెళ్లారు. ఎవరో ఒకరు ఇచ్చేవాళ్లుగా."

"అడిగానండి. ఒక్కళ్లూ ఇవ్వలా. ఒకళ్లు లేవన్నారు, ఇంకొకళ్లు రేపు చూద్దామన్నారు."

ఓటు కోసం దాచుకుని ఉంటారని జయకుమారి అనుకుంది. పురుగు మాట నాలుక చివరిదాకా వచ్చింది కానీ, ఎదురుగా నిలబడ్డ మనిషితో అనలేకపోయింది. డబ్బా అడుగున తన పాదు కోసం అట్టేపెట్టుకున్న గింజలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి తీసింది.

"ఓటుకి ఒకటి చాలుగా."

శిల్ప రెండు చేతులూ పట్టి ఆ ఒక్క గింజా అందుకుంది. చాలండి అంది. ఆ పిల్ల మొహంలో ఎగతాళి ఏమైనా ఉందేమోనని జయకుమారి వెతికింది. దొరకలేదు.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ సుభానీ మిద్దె మీద, ఆకుపచ్చ వల నీడలో చేరారు. ఒక్కొక్కరూ కుండలో చెయ్యి పెట్టి తీశారు. ఆఖరున సుభానీ కుండను నల్లటి గ్రానైటు పలక మీద బోర్లించాడు. బెండ గింజలు నాలుగు వైపులా దొర్లాయి. ఆయన వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు, కుండ తట్టాడు, లోపల తడిమాడు. రెక్కల చిక్కుడు ఒక్కటీ లేదు.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఒంటరిగా వినబడేసరికి ఆపేశారు. జయకుమారికి మాత్రం ఆ నిమిషం ప్రాణానికి హాయిగా ఉంది. అంతమందిలో ఒక్కరైనా ఆ పిల్లకు వెయ్యలేదు. పక్కకు తిరిగి శిల్ప మొహం చూద్దామనుకుంది. శిల్ప తల వంచుకుని ఉంది.

సుభానీ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఒక మాట చెప్పాలి మేడంగారూ. నేను ఓటుకోసమే ఒక గింజ దాచా. కానీ రాత్రి నానబెట్టేశా. అంత మంచి విత్తు కుండలో పారేయడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో బెండ ఉంటే అది తెచ్చేశా."

అతను బయటపడేసరికి మిగతావాళ్లూ ఒప్పుకున్నారు. ఒకరిది అప్పుడే మొలకెత్తిందట. ఇంకొకరి కోడలు ఇవ్వనందట. సామ్రాజ్యం కొంగు ముడి ఇంకా విప్పనే లేదు. కుండలో ఎవరో ఒకరు వేస్తారులే, నా ఒక్క ఓటు పోతే ఏం అని ప్రతివాళ్లూ అనుకున్నారు.

"నీదేమైంది అమ్మాయ్?" జయకుమారి శిల్పను అడిగింది.

శిల్ప గుప్పిట విప్పింది. గింజ అరచేతిలోనే ఉంది.

"కుండ దాకా పెట్టానండి. ఉన్నది ఒక్కటే కదా అనిపించింది. సంచిలో బెండ గింజ ఉంటే అది వేశా."

మిద్దె మీద నవ్వులు పుట్టాయి. శిల్ప కూడా నవ్వింది. జయకుమారి నవ్వలేకపోయింది. తన మీద పోటీ చేసిన మనిషి కూడా తనకే ఓటేసింది. శిల్ప గుర్తు వేరే ఏ గింజైనా అయ్యుంటే వీళ్లు ఎవరికి వేసేవాళ్లో ఆవిడకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకుంటే శనివారాలు తనవే. ఆ ఒక్క గింజ వైపు మళ్లీ చూసింది.

"ఈ ఎన్నిక చెల్లదు," అంది. "వచ్చే ఆదివారం మళ్లీ. శిల్పకు గోంగూర ఆకు, నాకు కరివేపాకు రెమ్మ. అందరిళ్లలోనూ ఉంటాయి. కుండలో వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాకపోవడం ఉండదు."

సామ్రాజ్యం చెయ్యి పట్టి లాగి, గెలిచినదాన్ని ఎవరైనా వదులుకుంటారా వదినా అని చెవిలో విసుక్కుంది. గెలిచింది నేను కాదు, చిక్కుడు అంది జయకుమారి.

ఇంటికొచ్చి ప్రకటన రాసింది. చదువుకుంది. పంపకుండా శిల్పకు ఫోన్ చేసింది. తాను రాస్తే సగం మంది చూడరనీ, శిల్ప చెబితే అందరూ వింటారనీ అంది. తను రాసింది నెమ్మదిగా చదివి వినిపించింది.

కాసేపటికి గ్రూపులో శిల్ప గొంతు వచ్చింది. మాటలు జయకుమారివే, ఒక్క అక్షరం మారలేదు. కానీ తన దగ్గర ఉన్నన్నాళ్లూ బిగుసుకుని కూర్చున్న వాక్యాలు ఆ గొంతులో కాళ్లు చాపుకున్నాయి. జయకుమారికి తన వాక్యాల మీదే అసూయ పుట్టింది. మళ్లీ పెట్టుకుని విన్నది.

మరుసటి ఆదివారం గోంగూరే ఎక్కువ వచ్చింది. కరివేపాకు మరీ తక్కువేమీ కాదు. ఎవరో రెమ్మకు బదులు పెద్ద కొమ్మే విరిచి కుండలో కుక్కారు. దాన్ని ఒక్క ఓటుగానే లెక్కపెట్టవలసి వచ్చినందుకు సుభానీ ఎంతో నొచ్చుకున్నాడు. సామ్రాజ్యం గోంగూరంతా పచ్చడికని సంచిలోకి ఎత్తింది.

శిల్ప వచ్చి జయకుమారి పక్కన కూర్చుంది. తనకు రాయడం చేతకాదనీ, ఇకముందు కూడా టీచరుగారు రాసిస్తే తాను చదువుతాననీ అంది. జయకుమారికి అభినందనలు అన్న మాట ఇంకా నోట రాలేదు.

"చూద్దాం," అంది. "మొన్నటి కబురులో ఆదివారం అన్న దగ్గర మాట మింగేశావు. పెద్దవాళ్లకు వినబడదు."

"మళ్లీ చెప్పనా అండీ?"

"చెప్పు. నిలబడి చెప్పు."

శిల్ప నిలబడింది.